పటాలానికి నంబరుంది, పట్టాలు మోసినోళ్ళకి పేరు లేదు



ఈసారి మేం రాస్తున్నది యుద్ధాల్లో రైల్వే పటాలాల చరిత్ర. పోస్టు పెద్దదే. ఒక్కసారికి కుదరకపోతే రెండుసార్లు చదవండి గానీ మధ్యలో వదలకండి. మనకీ దీనికీ సంబంధం ఏంటని మొదట్లో అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది.

ఎలా మొదలైందంటే, ఒక ఆదివారం రాత్రి హాస్టల్ గదిలో ఆరుగురం ఒకే ఫోన్ చుట్టూ కూర్చుని ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ సినిమా చూశాం. 1957లో వచ్చిన పాత ఇంగ్లీషు సినిమా. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యానికి పట్టుబడిన బ్రిటిష్ సైనికుల చేత అడవిలో రైలు వంతెన కట్టిస్తారు, అదీ కథ. సినిమా బాగుంది. అయిపోయాక మాలో ఒకడు అడిగాడు: "అంత అడవిలో అంత పెద్ద లైను వేస్తే, కట్టినోళ్ళంతా తెల్లోళ్ళేనేంట్రా? మట్టి మోసే కూలోళ్ళు ఒక్కళ్ళూ లేరా?"

ఆ ప్రశ్న పట్టుకుని లైబ్రరీలో వెతికాం, ఫోన్లో వెతికాం. కూలీలు ఉన్నారు. ఆ తెల్ల ఖైదీల కంటే దాదాపు మూడు రెట్లు ఉన్నారు. వాళ్ళలో తెలుగోళ్ళు కూడా ఉన్నారు. సినిమాలోనే లేరు.

రైల్వే పటాలం అంటే ఏంటి?

సైన్యం అంటే మనకి తుపాకీ గుర్తొస్తుంది. కానీ తుపాకీ పట్టుకున్న మనిషికి రోజూ తిండి కావాలి, తూటాలు కావాలి, మందులు కావాలి, దెబ్బ తగిలితే వెనక్కి తీసుకెళ్ళే దారి కావాలి. లక్ష మంది ఒక చోట ఉంటే ఇవన్నీ బండ్ల మీద, గుర్రాల మీద తెచ్చి పెట్టడం కుదరదు. రైలు వచ్చాక ఈ పని సాధ్యమైంది. అందుకే రైలు దారి వెయ్యడానికి, నడపడానికి, శత్రువు పేల్చేస్తే బాగుచెయ్యడానికి, వెనక్కి పోవాల్సి వస్తే మన లైను మనమే పీకెయ్యడానికి సైన్యంలో వేరే దళాలు పెట్టారు. వాటిలో సర్వే చేసేవాళ్ళు, వంతెన కట్టేవాళ్ళు, డ్రైవర్లు, గార్డులు, స్టేషన్ మాస్టర్లు అందరూ యూనిఫాంలోనే ఉంటారు.

దీన్ని మొదట పెద్ద ఎత్తున చేసింది అమెరికా అంతర్యుద్ధంలో, 1861 నుంచి 1865 వరకు. 1862లో ఉత్తర రాష్ట్రాల ప్రభుత్వం సైనిక రైల్వే శాఖ పెట్టింది. హెర్మన్ హాప్ట్ అనే ఇంజనీరు ఆ ఏడాది మే నెలలో వర్జీనియాలో పొటోమాక్ క్రీక్ అనే వాగు మీద 400 అడుగుల పొడవైన కర్ర వంతెనను రెండు వారాలు కూడా పట్టకుండా నిలబెట్టాడు. దాన్ని చూడటానికి అధ్యక్షుడు లింకన్ స్వయంగా వచ్చాడు. హాప్ట్ పేరు పుస్తకాల్లో ఉంది. కానీ ఆ శాఖలో గొడ్డలి, పార పట్టినవాళ్ళలో దక్షిణాది తోటల నుంచి పారిపోయి వచ్చిన నల్లజాతి బానిసలు వేలమంది ఉన్నారు. వాళ్ళ పేర్లు చాలావరకు ఎవరికీ తెలియవు.

ఈ పద్ధతి అక్కడితో ఆగలేదు. 1866 యుద్ధంలో ప్రష్యా సైన్యం రైల్వే దళాలు వాడింది. 1897లో సూడాన్ ఎడారిలో వాదీ హల్ఫా నుంచి అబూ హమెద్ దాకా దాదాపు 370 కిలోమీటర్ల లైను బ్రిటిష్ ఇంజనీర్లు ఏడాది లోపే వేయించారు. చెమటోడ్చింది ఈజిప్టు రైల్వే బెటాలియన్. బలవంతంగా చేర్చినవాళ్ళు, జైలు ఖైదీలు, యుద్ధంలో పట్టుబడ్డ సూడాన్ వాళ్ళు అందులో కలిసి ఉన్నారు.

ఇక్కడ మాకు ఒక సంగతి అర్థమైంది. ఎక్కడ చూసినా రైల్వే పటాలంలో రెండు వరసలు ఉంటాయి. ముందు వరసకి నంబరు, యూనిఫాం, జీతం, హాజరుపట్టీ. వెనక వరసకి తట్ట, పార.

మొదటి యుద్ధంలో మన దేశం నుంచి

బ్రిటిష్ ఇండియా సైన్యంలో శాపర్స్ అండ్ మైనర్స్ అని ఇంజనీరు దళం ఉండేది. అందులో 25వ, 26వ రైల్వే కంపెనీలు ఉండేవి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే ఈ రెండింటినీ తూర్పు ఆఫ్రికాకి పంపారు. ఇప్పటి కెన్యాలో వోయ్ అనే ఊరి నుంచి జర్మన్ల సరిహద్దు వైపు సైనిక రైలు దారి వేశారు. ఇరాక్‌లో, అప్పుడు మెసొపొటేమియా అనేవాళ్ళు, బస్రా నుంచి పైకి లైన్లు వేయడానికి మన దేశంలో ఉన్న పట్టాలు, ఇంజన్లు, డబ్బాలు ఓడల్లో ఎక్కించి తీసుకెళ్ళారు. మనుషుల్నీ తీసుకెళ్ళారు. కూలీలు చాలక మన జైళ్ళలో ఉన్న ఖైదీల్ని కూడా శిక్ష తగ్గిస్తామని చెప్పి పంపారు.

ఇక 1917లో ఫ్రాన్స్‌కి లేబర్ కోర్ పేరుతో కంపెనీలు వెళ్ళాయి. అందులో ఎవరున్నారో చూడండి: రాంచీ వైపు నుంచి ఉరావ్‌లు, ముండాలు, సంతాల్ పరగణాల నుంచి సంతాలులు, ఈశాన్యం నుంచి నాగాలు, లుషాయిలు, ఖాసీలు, గారోలు. అంటే ఎక్కువగా మన ఆదివాసులే. చలికి అలవాటు లేని ఒంటితో అక్కడ కలప కొట్టారు, రోడ్లు వేశారు, రైలు డబ్బాల్లోంచి సరుకు దించారు. ఉత్తర ఫ్రాన్స్‌లో అయెట్ అనే ఊళ్ళో ఒక చిన్న శ్మశానం ఉంది. మన దేశపు కూలీలూ చైనా కూలీలూ అక్కడ పక్కపక్కన పడుకుని ఉన్నారు.

అందరూ తల వంచుకుని వెళ్ళలేదు. ఇది మనం తప్పకుండా చెప్పుకోవాలి. 1917లో మయూర్‌భంజ్ సంస్థానంలో ఈ భర్తీకి వ్యతిరేకంగా సంతాలులు తిరగబడ్డారు. అదే ఏడాది మణిపూర్ కొండల్లో కుకీలు మనుషుల్ని ఇవ్వమని ఎదురు తిరిగారు. ఆ పోరాటం 1919 దాకా సాగింది. మన దగ్గర సంగతి మీకు తెలిసిందే. గూడెం కొండల్లో రోడ్డు పనికి జనాన్ని తోలి కూలి ఎగ్గొట్టిన కోపం 1922లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొరల వెనక నిలబడింది. ఊళ్ళు వేరు, పాలకులు పెట్టిన పేర్లు వేరు. అడిగింది మాత్రం ఒకటే: ఇంటికి ఇంతమంది రండి, పని చెయ్యండి.

జపాన్ రైల్వే రెజిమెంట్లు

ఇప్పుడు సినిమాలో చూసిన లైను దగ్గరికి వద్దాం. జపాన్ సైన్యంలో రైల్వే బెటాలియన్ 1896లో పుట్టింది. 1904-05లో రష్యాతో యుద్ధం జరిగినప్పుడు మంచూరియాలో చిన్న పట్టాల లైను వేసి పని నేర్చుకుంది. తర్వాత అది రెజిమెంట్లుగా పెరిగింది. టోక్యో పక్కన చిబా ప్రాంతంలో వాళ్ళు సాధన కోసం వేస్తూ పీకుతూ ఉన్న లైను యుద్ధం తర్వాత మామూలు జనం ఎక్కే రైలు దారి అయింది.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి వచ్చింది. మార్చిలో రంగూన్ కూడా పడిపోయింది. బర్మాలో ఉన్న జపాన్ సైన్యానికి తిండి, మందుగుండు పంపాలంటే ఓడలు సింగపూర్ చుట్టూ తిరిగి రావాలి. ఆ దారిలో శత్రువుల జలాంతర్గాములు ఓడల్ని ముంచుతున్నాయి. అందుకని థాయ్‌లాండ్ నుంచి బర్మాకి అడవి గుండా రైలు దారి వెయ్యాలని నిర్ణయించారు. ఇంతకుముందు బ్రిటిష్ వాళ్ళూ ఈ దారి గురించి ఆలోచించి, కొండలు, వానలు, జ్వరాలు చూసి వదిలేశారు.

మొత్తం 415 కిలోమీటర్లు. థాయ్‌లాండ్ వైపు బాన్‌పాంగ్ దగ్గర మొదలై మూడు గోపురాల కనుమ దాటి బర్మాలో థాన్‌బ్యుజయాత్ చేరుతుంది. థాయ్ వైపు 9వ రైల్వే రెజిమెంట్, బర్మా వైపు 5వ రైల్వే రెజిమెంట్ ఒకదానికొకటి ఎదురుగా పని మొదలుపెట్టాయి. మీటర్ గేజ్ లైను. కొత్త పట్టాలు లేవు. మలయాలో, బర్మాలో ఉన్న లైన్లు పీకి ఆ పట్టాలే తెచ్చారు. స్లీపర్లకీ వంతెనలకీ అక్కడి అడవినే నరికారు. వంతెనలు ఆరు వందలకు పైగా ఉంటే ఎక్కువ భాగం కర్ర దుంగలతో కట్టినవే. కొండ అడ్డం వస్తే ఉలీ సుత్తీతో బెజ్జం చేసి, మందు కూరి పేల్చి, పగిలిన రాయిని చేతులతో ఎత్తి పోశారు. కోన్యూ అనే చోట కొండని చీల్చిన దారికి ఖైదీలు నరకపు కనుమ అని పేరు పెట్టారు. రాత్రిపూట దివిటీల వెలుగులో బక్కచిక్కిన మనుషులు పని చేస్తుంటే నరకంలాగే కనిపించిందట.

రెజిమెంటు సైనికులు కొలతలు చూసేవాళ్ళు, వంతెనలు గీసేవాళ్ళు, పని ఎంత అయిందో లెక్క అడిగేవాళ్ళు. రోజుకి మనిషికి ఇంత మట్టి అని కొలత పెట్టి, అది పూర్తయ్యేదాకా వదిలేవాళ్ళు కాదు. ముందు చెప్పిన గడువు 1943 చివరిదాకా. 1943 ఫిబ్రవరిలో దాన్ని ఇంకా ముందుకు జరిపారు. అప్పటి నుంచి పగలూ రాత్రీ పనే. ఖైదీలు ఆ నెలల్ని ‘స్పీడో’ రోజులన్నారు. కాపలావాళ్ళు అరిచే మాట అదే కాబట్టి. 1943 అక్టోబర్ 17న రెండు వైపుల పట్టాలు కొన్‌కోయిటా దగ్గర కలిశాయి. 25న ప్రారంభోత్సవం చేశారు.

ఏడాదీ నాలుగు నెలల్లో 415 కిలోమీటర్లు! ఇంజనీరింగ్ చదివే అన్నలు దీన్ని గొప్ప పని అంటారేమో. పని గొప్పదే. ఎవరి ప్రాణం మీద అన్నది తర్వాతి లెక్క.

ఖైదీలు

ఈ లైను మీద 60 వేలకు పైగా యుద్ధఖైదీలు పని చేశారు. బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్, కొంతమంది అమెరికా సైనికులు. వాళ్ళలో 12 వేల మందికి పైగా చనిపోయారు. తిండి బియ్యం, నీళ్ళ కూర. మలేరియా, రక్త విరేచనాలు, బెరిబెరి, కాళ్ళ మీద పుండ్లు. 1943 ఏప్రిల్‌లో ‘ఎఫ్ ఫోర్స్’ పేరుతో 7 వేల మందిని పంపి, వానల్లో దాదాపు 300 కిలోమీటర్లు నడిపించారు. వాళ్ళలో 3 వేల మందికి పైగా తిరిగి రాలేదు.

ఇది తక్కువ బాధ అని మేం అనటం లేదు. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు వాళ్ళు, మా వయసు వాళ్ళే. కానీ వాళ్ళకి కొన్ని మిగిలాయి. వాళ్ళ అధికారులు వాళ్ళతోనే ఉన్నారు. వాళ్ళ డాక్టర్లు వాళ్ళతోనే ఉన్నారు. ఆస్ట్రేలియా డాక్టర్ ఎడ్వర్డ్ డన్‌లప్ లాంటివాళ్ళు వెదురుతో పరికరాలు చేసుకుని ఆపరేషన్లు చేశారు. రోజూ ఎవరు చనిపోయారో రాసుకున్నారు. దొరికితే చంపేస్తారని తెలిసీ డైరీలు వెదురు బొంగుల్లో దాచారు, బొమ్మలు గీసి భూమిలో పాతిపెట్టారు. యుద్ధం అయ్యాక అవే సాక్ష్యాలయ్యాయి.

లెక్కలో లేనివాళ్ళు

ఇప్పుడు అసలు విషయం. ఖైదీలు కాకుండా ఆ లైను మీద ఆసియా కూలీలు సుమారు 2 లక్షల మంది పని చేశారు. బర్మా వాళ్ళు, మలయాలో ఉన్న తమిళులు, తెలుగు వాళ్ళు, మలయ్‌లు, చైనా వాళ్ళు, జావా వాళ్ళు. సుమారు అని ఎందుకు రాస్తున్నామంటే, సరైన లెక్క లేదు. కొందరు 1 లక్షా 80 వేలంటారు, కొందరు రెండున్నర లక్షలంటారు. చనిపోయిన వాళ్ళు 70 వేలని ఒకరు, 90 వేలని ఒకరు, ఇంకా ఎక్కువని ఇంకొకరు. మొదటి రెండు అంకెల మధ్య తేడానే ఇరవై వేల మనుషులు. మా మండలంలో ఎన్నో ఊళ్ళ జనం కలిపితే అంత అవుతారు.

మలయాకి తెలుగు వాళ్ళు ఎలా వెళ్ళారు? పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి విశాఖపట్నం, గోదావరి, చిత్తూరు వైపుల నుంచి రబ్బరు తోటలకీ, కొబ్బరి తోటలకీ కూలికి వెళ్ళారు. కంగాణీ అనే మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి, అప్పు ఇచ్చి, మాట చెప్పి, గుంపుగా ఓడ ఎక్కించేవాడు. వాళ్ళ పిల్లలు అక్కడే పుట్టారు, అక్కడే రబ్బరు పాలు గీశారు. జపాన్ వచ్చాక రబ్బరు కొనేవాడు లేడు. తోటలో కూలి ఆగిపోయింది, బియ్యం కరువొచ్చింది.

అప్పుడు నోటీసులు వేశారు: మూడు నెలల పని, రోజుకి ఒక డాలరు, తిండి, ఇల్లు, రైలు ఖర్చు మాదే. ఆకలి మీద ఉన్నవాళ్ళు కొందరు పెళ్ళాం పిల్లలతో సహా రైలెక్కారు. మూడు నెలలైనా ఎవరూ తిరిగి రాకపోయేసరికి తర్వాత ఎవరూ ముందుకి రాలేదు. అప్పుడు పట్టుకెళ్ళడం మొదలైంది. ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి, తలుపులు మూసి, లారీల్లో ఎక్కించిన సంగతి అక్కడి ముసలివాళ్ళు చాలామంది చెప్పారు. అలా మలయా నుంచి వెళ్ళిన వాళ్ళు దాదాపు 75 వేలు. బర్మాలో అక్కడి ప్రభుత్వం చేత ‘చెమట సైన్యం’ అని పేరు పెట్టించి ఊరికి ఇంతమంది అని తోలారు. సైన్యం అనే మాట వాళ్ళకీ ఇచ్చారు. సైనికుడికి ఉండే తిండి, డాక్టరు, హాజరుపట్టీ మాత్రం ఇవ్వలేదు.

కూలీలు ఖైదీల కంటే ఎక్కువగా ఎందుకు చనిపోయారు? వాళ్ళు బలహీనులని కాదు. 1943 వానాకాలంలో కలరా వచ్చింది. ఖైదీల శిబిరాల్లో డాక్టర్లు గట్టిగా ఒక నియమం పెట్టారు: మరగని నీళ్ళు ముట్టొద్దు, పళ్ళెం కూడా మరిగే నీళ్ళలో ముంచాలి. పాయిఖానా గుంటలు దూరంగా తవ్వించారు. కూలీల శిబిరాల్లో ఇది చెప్పేవాళ్ళు లేరు, నీళ్ళు కాచుకోవడానికి గిన్నెలు కూడా సరిగ్గా లేవు. పైనున్న శిబిరం మలం కలిసిన వాగే కిందున్న శిబిరానికి తాగే నీరు. ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాదు. తరఫున నిలబడి అడిగే నాయకుడు లేడు. జబ్బు వస్తే ఒక పాకలో పడేసేవాళ్ళు, అక్కడి నుంచి ఎవరూ తిరిగి వచ్చేవాళ్ళు కాదు. ఆలస్యంగా ఖైదీ డాక్టర్లను ‘కె ఫోర్స్’, ‘ఎల్ ఫోర్స్’ అనే బృందాలుగా కూలీల శిబిరాలకి పంపారు. అప్పటికే అంతా చేయి దాటిపోయింది.

అంటే వాళ్ళని చంపింది ఒక్క కలరా కాదు. లెక్క లేకపోవడం కూడా చంపింది. పేరు రాసుకున్న మనిషి చనిపోతే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. తల లెక్క మనిషి పోతే ఇంకో తల తెస్తారు.

ఇవతలి వైపు కూడా

ఇది జపాన్ వాళ్ళ కథ మాత్రమే అనుకుంటే సగమే చూసినట్టు. అదే సమయంలో కొండలకి ఇవతల, అస్సాంలో, బెంగాల్-అస్సాం రైల్వే యుద్ధభారం మోస్తోంది. చైనాకీ, బర్మా సరిహద్దుకీ సరుకంతా ఆ మీటర్ గేజ్ లైను మీదే పోవాలి. 1944 మార్చి 1న అమెరికా సైన్యపు రైల్వే బెటాలియన్లు కటిహార్ నుంచి లెడో దాకా దాదాపు 1,300 కిలోమీటర్లు తమ చేతిలోకి తీసుకుని నడిపాయి. నాలుగు వేల మందికి పైగా అమెరికా రైల్వే సైనికులు వచ్చారు. వాళ్ళు సొంత దేశంలో మామూలు డ్రైవర్లు, గార్డులు. అదే నెలలో జపాన్ సైన్యం ఇంఫాల్, కోహిమా మీదకి వచ్చింది. అంటే ఇటు ఒక సైనిక రైలు, అటు ఒక సైనిక రైలు. మధ్యలో నాగా, కుకీ ఊళ్ళు కాలిపోయాయి.

అస్సాంలో కూడా మట్టి మోసినవాళ్ళు ఉన్నారు. 1942లో సరిహద్దు రోడ్ల పనికి టీ తోటల నుంచి వేలమంది కూలీలను పంపారు. ఆ తోటల్లో ఉన్నది ఎవరు? చోటానాగ్‌పూర్ నుంచి, సంతాల్ పరగణాల నుంచి, గంజాం, విశాఖ ఏజెన్సీల నుంచి తాతల కాలంలో వెళ్ళినవాళ్ళు. మన సవరలు, కోదులు కూడా వాళ్ళలో ఉన్నారు. అక్కడ వాళ్ళని ఇప్పటికీ టీ ట్రైబ్ అంటారు.

ఇంకో గుంపు కూడా గుర్తుపెట్టుకోవాలి. రంగూన్ ఓడరేవులో, మిల్లుల్లో పనిచేసిన తెలుగు వాళ్ళని బర్మాలో కోరంగీలు అనేవాళ్ళు, కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు పేరు మీద. 1942లో జపాన్ వస్తోందని తెలిసి లక్షల మంది భారతీయులు కాలినడకన కొండలు దాటారు. దారిలోనే వేలమంది పోయారు. ఒకే ఏడాది తెలుగు కూలీ ఒకడు యుద్ధం నుంచి పారిపోతూ నడిచాడు, ఇంకొకడు యుద్ధం కోసం పట్టాలు మోస్తూ నడిచాడు.

తర్వాత ఎవరికి ఏం మిగిలింది

రైలు లైను అనుకున్నంత సరుకు ఎప్పుడూ మోయలేదు. విమానాలు వచ్చి వంతెనల మీద బాంబులు వేసేవి, మళ్ళీ కూలీలతో కట్టించేవాళ్ళు. 1945లో జపాన్ లొంగిపోయింది. బర్మా వైపు పట్టాలు పీకేశారు. థాయ్ వైపు సుమారు 130 కిలోమీటర్లు నామ్‌టాక్ దాకా ఇప్పటికీ రైలు నడుస్తోంది. టూరిస్టులు ఫోటోలు దిగుతారు. సినిమా పేరు కోసం వచ్చేవాళ్ళకి క్వాయ్ మీద వంతెన కావాలి కదా. అసలు ఆ వంతెన ఉన్నది మేక్లాంగ్ నది మీద. అందుకని 1960 ప్రాంతంలో ఆ నది భాగానికే పేరు మార్చి క్వాయ్ యాయ్ అన్నారు. సినిమా కోసం నది పేరు మారింది!

చనిపోయిన ఖైదీలకి మూడు పెద్ద శ్మశానాలు ఉన్నాయి: కాంచనబురి, చుంగ్‌కాయ్, థాన్‌బ్యుజయాత్. కాంచనబురిలోనే దాదాపు 7 వేల సమాధులు. ఒక్కో రాయి మీద పేరు, వయసు, పటాలం నంబరు. రోజూ గడ్డి కత్తిరిస్తారు. వాళ్ళకి అది దక్కాల్సిందే. ఖైదీలను హింసించిన అధికారుల మీద సింగపూర్‌లో విచారణలు జరిగాయి, కొందరికి మరణశిక్షలు పడ్డాయి.

రైల్వే సైనికులకీ గుర్తు ఉంది. ప్రారంభోత్సవం రోజు ఆ లైను మీద నడిచిన సి56 31 నంబరు ఇంజన్‌ని 1979లో జపాన్ తీసుకెళ్ళారు. అది ఇప్పుడు టోక్యోలో యసుకుని గుడి పక్కన ఉన్న మ్యూజియంలో మెరుస్తూ నిలబడి ఉంది. కాంచనబురిలో 1944లోనే జపాన్ సైన్యం చనిపోయినవాళ్ళ కోసం ఒక స్మారకం కట్టింది. ఇంజన్‌కి నంబరు ఉంది, జాగ్రత్తగా దాచారు.

కూలీలకి? 1990లో కాంచనబురిలో ఒక చెరకు తోటలో తవ్వితే వందలమంది ఎముకలు ఒకే గుంటలో బయటపడ్డాయి. ఎవరు తమిళుడో, ఎవరు తెలుగువాడో, ఎవరు జావా వాడో చెప్పలేరు. మలయా తోటల్లో భర్త ఎప్పుడు చనిపోయాడో తెలియక తద్దినం ఏ తిథికి పెట్టాలో తెలియని ఆడవాళ్ళు మిగిలారు. వాళ్ళ మనవళ్ళు ఇప్పుడు మలేషియాలో బతికున్న ముసలివాళ్ళ మాటలు రికార్డు చేస్తున్నారు. చాలా ఆలస్యమైంది, అయినా చేస్తున్నారు.

మా తాత దగ్గరికి

ఇదంతా చదివాక సెలవులకి ఇంటికి వెళ్ళాం. మాలో చాలామందిమి విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ పోయే రైల్లోనే ఊరికి వెళ్తాం. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు వేస్తారు, మేమూ వేసేవాళ్ళం. ఆ లైను 1960ల్లో వేశారు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి. అది యుద్ధం లైను కాదు, సైన్యం వేసింది కాదు. మరణ రైల్వేతో దాన్ని పోల్చడం తప్పు, మేం పోల్చం. కానీ ఆ యాభైకి పైగా సొరంగాల్లో రాయి ఎవరు మోశారని మేం ఒక్కసారి కూడా అడగలేదు. ఇరవై ఏళ్ళొచ్చాయి, కాలేజీ దాకా వచ్చాం, అమెరికా అంతర్యుద్ధం తేదీలు చెప్పగలం. ఇది మాత్రం అడగలేదు.

మాలో ఒకడి తాత అప్పట్లో కుర్రాడు. నిప్పు దగ్గర కూర్చోబెట్టి అడిగాం. ఆయన సగం ఆదివాసీ ఒరియాలో, సగం తెలుగులో చెప్పాడు.

"మా ఊరోళ్ళం పద్దెనిమిది మందిమి పోయినాం రా. ఒక కంట్రాక్టు కింద. మేస్త్రీ పొద్దున్నే లెక్కెట్టి కాగితం మీద పద్దెనిమిది అని రాసుకునేవోడు."

"పేర్లు రాసుకునేవాడు కాదా తాతా?"

"పేరెందుకు? ఫలానా ఊరు, పద్దెనిమిది. అంతే. ఒకనాడు ఒకడి మీద బండ పడింది. మర్నాడు పదిహేడు అని రాసుకున్నాడు."

ఆ మాట తర్వాత మాలో ఎవరూ చాలాసేపు మాట్లాడలేదు. తాత మాత్రం చుట్ట వెలిగించుకున్నాడు. ఆయనకి అది కొత్త సంగతి కాదు.

"ఆ బండ పడినోడి పేరేంటి తాతా?" అని అడిగితే వెంటనే చెప్పాడు. అరవై ఏళ్ళ పైన అయింది, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కాగితం మీద లేని పేరు ఆయన నోట్లో ఉంది. ఆయన పోతే అదీ పోతుంది.

కాబట్టి మిత్రులారా, మా అభ్యర్థన ఒకటే. మన ఇళ్ళల్లో చాలామందిమి కాలేజీ గడప తొక్కిన మొదటి తరం. రాయడం, చదవడం వచ్చిన మొదటి చేతులు మనవే. ఉద్యోగం ఫారాలు నింపడానికే ఆ చేతులు సరిపోతే ఎలా? ఈ సెలవుల్లో మీ ఊళ్ళో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఐదు ప్రశ్నలు అడగండి. ఏ పనికి వెళ్ళారు? రోడ్డా, రైలా, డ్యామా? ఏ ఏడాది? తెలియకపోతే ఏ కరువు తర్వాత, ఎవరి పెళ్ళి ముందు అని అడగండి. మేస్త్రీ ఎవరు, కూలి ఎంత, చేతికి ఎంత వచ్చింది? ఊరి నుంచి ఇంకా ఎవరెవరు వెళ్ళారు? ఎవరు తిరిగి రాలేదు?

వాళ్ళ మాటలు వాళ్ళ భాషలోనే రాయండి. కువి అయితే కువి, సవర అయితే సవర, తెలుగు లిపిలో రాసినా ఫర్వాలేదు. అందంగా రాయక్కర్లేదు. పేరు తప్పు పోకుండా రాస్తే చాలు.

తాత చెప్పిన పేర్లు ఇక్కడ పెట్టడం లేదు. గ్రూపులో పెట్టొద్దన్నాడు, వాళ్ళ ఇళ్ళవాళ్ళని ముందు అడగమన్నాడు. ఆయన మాట న్యాయమే. మా నోట్‌బుక్‌లో మాత్రం రాసుకున్నాం. పద్దెనిమిదిలో పదకొండు పేర్లు దొరికాయి. ఇంకా ఏడు కావాలి. దసరా సెలవులకి పక్క ఊరు వెళ్తున్నాం.

జోహార్.